ఎడిటింగ్ గదిలో తలెత్తు టీచర్

టైపు నేర్పిన ముప్పై ఏళ్ళలో "తలెత్తు" అన్న మాటను ఆవిడ వాడినన్నిసార్లు లోకంలో ఇంకెవరూ వాడి ఉండరు. మీటల వంక చూస్తూ కొట్టేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళు మంట. "కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. ఆ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోకూడదు" అనేది. రెండుసార్లు చెప్పి చూసేది. మూడోసారి మాటలుండవు, చేతుల మీద తువ్వాలు కప్పేసేది. అలా తువ్వాలు కింద దొంగల్లా టైపు కొట్టినవాళ్ళే తర్వాత కోర్టుల్లో, ఆఫీసుల్లో మంచి మంచి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళంతా కలిసి ఆవిడకు పెట్టిన పేరు తలెత్తు టీచర్. చాటుమాటుగా పెట్టిన పేరు ఆవిడ చెవిన పడడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మండిపడుతుందనుకున్నారు. "పోన్లే, పాఠమైనా గుర్తు పెట్టుకున్నారు" అంది.

కంప్యూటర్లు ఇంటింటికీ వచ్చాక టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. చివరి ఏడాది ముగ్గురు చేరారు. అందులో ఒకామె ఇంట్లో అత్తగారి పోరు పడలేక గంటసేపు ఎక్కడో ఒకచోట కూర్చోవాలని వచ్చింది. పద్దెనిమిది మిషన్లనూ లారీ ఎక్కించి పంపించేశాక, ఖాళీ గదిలో బల్లల కాళ్ళ గుర్తులు చూసి ఆవిడ తాళం వేసుకుని ఇంటికొచ్చింది.

తర్వాతి రెండేళ్ళు ఆవిడకు నరకం. పైకి చెప్పలేదంతే. వేళ్ళు ఊరుకునేవి కావు. భోజనం చేస్తూ ఎడమచేత్తో బల్ల మీద టకటకలాడించేది. గడియారాలు బాగుచేసే ఆయన, అంటే ఆవిడ భర్త, భూతద్దం కంటికి పెట్టుకునే అడిగాడు ఒకరోజు.

"ఏం రాస్తున్నావే అంత సేపట్నుంచీ?"

"మీ మీద ఫిర్యాదు. రెండో పేజీలో ఉన్నాను."

ఆయన నవ్వాడు గానీ లోపల దిగులు పడ్డాడు. పనిలో ఉన్న మనిషిని పనిలోంచి తీసేస్తే ఏమవుతుందో గడియారాల మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయనే వెళ్ళి ఆవిడ మేనల్లుడి చెవిలో వేశాడు.

మేనల్లుడిది వీడియో దుకాణం. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, బడి వార్షికోత్సవాలు, ఎవరు పిలిస్తే వాళ్ళింటికి కెమెరా పట్టుకుని పోతాడు. దర్జీ కొట్టు మీద రెండు గదులు. ముందు గదిలో లైట్లు, స్టాండ్లు, చార్జింగుకు పెట్టిన బ్యాటరీలు. కాలు తీసి కాలు వేస్తే ఏదో ఒక తీగ తగులుకుంటుంది. వెనక గదికి నల్ల పరదాలు కట్టి రెండు తెరల కంప్యూటరు పెట్టాడు. అదే ఎడిటింగ్ గది. కింద దర్జీ మిషన్లు జోరందుకుంటే ఈ గదిలో నేల సన్నగా వణుకుతుంది. టైటిళ్ళలో పేర్లు తప్పులు లేకుండా కొట్టిపెట్టడానికని అత్తను రమ్మన్నాడు. "రోజుకో రెండు గంటలు రా అత్తా, నీకూ పొద్దుపోతుంది" అన్నాడు. పొద్దు పోవడానికి వచ్చినావిడ మొదటి రోజునే ఎడిటర్ వెనక నిలబడి నోరు చేసుకుంది.

ఆ ఎడిటర్‌ను అందరూ మౌసురాజు అనేవారు. మంచివాడే, పనిమంతుడే. కానీ ప్రతిదానికీ మౌసే. ఒక్క కోత కొయ్యాలంటే తెర పైకి వెళ్ళాలి, జాబితా దింపాలి, అందులో వెతకాలి, నొక్కాలి, మళ్ళీ కిందికి రావాలి. ఉల్లిపాయ తరగడానికి ప్రతిసారీ బజారుకెళ్ళి కత్తి కొనుక్కొచ్చినట్టుంది ఆవిడకు.

"ఆ కీబోర్డు ఎందుకు నాయనా, టీ గ్లాసు పెట్టుకోవడానికా?" అంది.

"షార్ట్‌కట్లు ఉంటాయి టీచర్‌గారూ. అన్నీ ఎవరికి గుర్తుంటాయి చెప్పండి?"

అలాంటి మాట ఆవిడతో అనకూడదు. ఆ సాయంత్రమే షార్ట్‌కట్ల జాబితా మొత్తం అచ్చు తీయించి ఇంటికి పట్టుకుపోయింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, మంచం మీద ఉన్నావిడ లేచి కూర్చుంది. వీడియోను వెనక్కి నడపడానికి జె, ఆపడానికి కె, ముందుకు నడపడానికి ఎల్. అంటే ఏమిటి? ముప్పై ఏళ్ళుగా ప్రతి పిల్ల చేతా మొట్టమొదటి రోజు పెట్టించిన కుడిచేతి వేళ్ళ చోటే! పై వరసలో ఐ నొక్కితే ముక్క మొదలు, ఓ నొక్కితే ముక్క చివర. చూపుడు వేలు కొంచెం కిందికి దింపితే ఎం. ఎం నొక్కితే మార్కరు పడుతుంది, అంటే వీడియో ముక్కలు వరసగా పరిచిన పట్టీ మీద ఒక చిన్న రంగు గుర్తు. చేతిని ఎక్కడికీ కదపనక్కర్లేదు.

"ఏమండీ, ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాడెవడో టైపు నేర్చుకున్నవాడే" అని ప్రకటించింది. ఆయన అప్పటికే నిద్రపోయాడు.

నెలరోజులు తిరిగేసరికి ఆవిడ మౌసును పుస్తకాల వెనక పడేసింది. మార్కర్లకు సొంత లెక్క పెట్టుకుంది. నవ్వుకు ఆకుపచ్చ. కళ్ళు తుడుచుకుంటే నీలం. దగ్గు, తుమ్ము, ఫోను మోగడం, వెనక ఎవరో అడ్డంగా నడిచిపోవడం, వీటన్నిటికీ ఎరుపు, అంటే తీసెయ్యమని. మంచో చెడో తేలకపోతే పసుపు. వీడియో రెట్టింపు వేగంతో పరిగెడుతుంటే చూపు తెర మీదనే ఉంచి, టక్ టక్ మని గుర్తులు వేసుకుంటూ పోయేది. మౌసురాజు చూసి ముక్కున వేలేసుకున్నాడు. కొన్నాళ్ళకు అతనికి వేరే చోట మంచి ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ "నా కుర్చీ మీరే తీసుకోండి టీచర్‌గారూ" అన్నాడు. కుర్చీ ఇచ్చేది అతను కాదు గదా.

ఇచ్చేవాడు మేనల్లుడు. వాడికి అత్తంటే ప్రేమే గానీ వ్యాపారమంటే భయం. యాభై ఎనిమిదేళ్ళ మేనత్తను చూపించి "మా ఎడిటర్" అంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని వాడి బెంగ. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి పని వచ్చింది.

ముప్పై మూడేళ్ళు చేసిన పెద్ద సిస్టర్ పదవీ విరమణ చేస్తోంది. ఆవిడకు తెలియకుండా తోటివాళ్ళు నలభై ఒక్క మంది చేత కెమెరా ముందు మాట్లాడించారు. డాక్టర్లు, నర్సులు, నయమై ఇంటికెళ్ళినవాళ్ళు, గేటు దగ్గర కాపలా ఆయన, ఎవర్నీ వదల్లేదు. మొత్తం ఆరు గంటల వీడియో. దాన్ని ముప్పావుగంట సినిమాగా కుదించి శనివారం నాలుగింటికి సభలో వెయ్యాలి. ఈ ఏర్పాట్లన్నీ చూస్తున్నది మందుల కౌంటరావిడ. చాలా కచ్చితమైన మనిషి. "మనిషికి నిమిషం. ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా అయిందంటే తర్వాత ఏడాదిపాటు నేను ఆ కౌంటర్లో కూర్చోలేను" అని చేతిలో జాబితా పెట్టి మరీ వెళ్ళింది.

"అత్తా, ఉన్నదున్నట్టు చెప్తున్నా" అన్నాడు మేనల్లుడు. "సోమవారం నుంచి ఒకతను వస్తానన్నాడు. ఇంకా ఖాయం చెయ్యలేదు. ఇది నువ్వు సరిగ్గా చేసి చూపిస్తే అతనితో పని లేదు. కుర్చీ నీదే."

"చెయ్యకపోతే?"

"టైటిళ్ళు ఎలాగూ నువ్వే కొడతావు గదా" అని నసిగాడు.

 ఆ కుర్చీ ఆవిడకు కావాలి. ఎంత కావాలంటే, రాత్రి భోజనం దగ్గర వేళ్ళు బల్ల మీద కదలకుండా అలా ఉండిపోయాయి.

శుక్రవారం మధ్యాహ్నానికి పని కొలిక్కి వచ్చింది. నలభై ఒక్క మందినీ వరసలో పరిచి, కోతలు కోసి, నాలుగువందల చిల్లర మార్కర్లు వేసింది. ఏ మార్కరు దగ్గర ఏముందో చూస్తూ చూస్తూనే కాగితాల మీద షార్ట్‌హ్యాండులో రాసుకుంది. ఇక ఆ కాగితాలు చూసి నోట్సు శుభ్రంగా ఒకచోట టైపు కొట్టేస్తే, మేనల్లుడికి చూపించి మిగతాది చకచకా దిద్దుకోవచ్చు. నోట్సు కోసం కంప్యూటరు తెర మీద వేరే కిటికీ తెరిచింది. కాగితాలను ఎడమపక్క నిలబెట్టింది. నడుము నిటారుగా పెట్టి మొదలుపెట్టింది.

ఇక్కడ జరిగింది చెప్పాలంటే నాకే నవ్వూ, జాలీ రెండూ వస్తాయి. ఆవిడ తెరిచిన నోట్సు కిటికీ తెరిచి ఉంది గానీ, మొదలుపెట్టే ముందు పట్టీ మీద ఏదో చూసుకోవడానికి ఎడిటింగ్ కిటికీని పైకి తెచ్చుకుని, మళ్ళీ ఇటు రావడం మరిచిపోయింది. ఇంకెవరైనా అయితే మొదటి మాట కొట్టగానే తెర చూసుకుని నాలుక కరుచుకునేవారు. తలెత్తు టీచర్ తెర చూస్తుందా? కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. ముప్పై ఏళ్ళ క్రమశిక్షణ! ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు నోట్సు వరదలా సాగిపోతోంది. ప్రతి అక్షరమూ ఆ సాఫ్ట్‌వేర్‌కు ఒక ఆజ్ఞ. ఎల్ తగిలితే పరుగు. కె తగిలితే ఆగడం. సి తగిలితే కత్తి చేతికి. క్యూ తగిలితే ముక్క మొదలంతా మాయం. డబ్ల్యూ తగిలితే, వీడియో ఎక్కడ ఆడుతోందో చూపే సూది ఉన్న చోటు నుంచి ముక్క చివరిదాకా ఎగిరిపోయి, వెనకవన్నీ ముందుకు జరగడం. మధ్యమధ్యలో కుదరని ఆజ్ఞ వచ్చినప్పుడల్లా కంప్యూటరు "టింగ్" మని మొత్తుకుంది. టైపు మిషన్‌లో వరస చివరికి వచ్చినప్పుడు గంట మోగుతుంది గదా, ఆవిడకు ఆ టింగ్ ఎంతో హాయిగా వినిపించింది. ఎన్నాళ్ళకు విన్నానే తల్లీ అనుకుని వేగం ఇంకా పెంచింది.

రెండున్నర పేజీలు. పన్నెండు నిమిషాలు. చివర చుక్క పెట్టి, పని అయ్యాక భద్రపరచడం అలవాటు గనుక కంట్రోల్, ఎస్ నొక్కి, అప్పుడు తలెత్తింది.

పట్టీ మీద నలభై ఒక్క మందీ లేరు. ఉన్నవాళ్ళు కుప్పలు కుప్పలుగా, ముక్కలు ముక్కలుగా ఉన్నారు. మార్కర్లు ఒకదాని మీద ఒకటి, ఉండకూడని చోట గుంపులు, ఉండవలసిన చోట శూన్యం.  కంట్రోల్, జెడ్ నొక్కింది, నొక్కింది, నొక్కుతూనే ఉంది. ముప్పై రెండు అడుగులు వెనక్కి నడిచి, ఇక నా వల్ల కాదని సాఫ్ట్‌వేర్ కాళ్ళు చాపేసింది. కొట్టిన అక్షరాలు దాదాపు మూడు వేలు.

"ఒరే!" అని ఒక్క కేక పెట్టింది. కింద దర్జీ మిషన్లు కూడా ఆగాయి.

మేనల్లుడు పరిగెత్తుకొచ్చి తెర చూశాడు. 

"ఏమైంది అత్తా, భూకంపమా?"

"నేనేరా భూకంపం."

విషయం విన్నాక వాడు తల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. పాత కాపీలేమన్నా ఉన్నాయేమో చూడమంది ఆవిడ. వాడి మొహం ఇంకా పాలిపోయింది. పదిహేను నిమిషాలకోసారి తనంతట తనే కాపీ తీసిపెట్టే ఏర్పాటు ఒకటి ఉందట. కంప్యూటరు నెమ్మదిస్తోందని పోయిన నెలే తీసేశాడట.

"శభాష్" అంది ఆవిడ. "ఎవరు ఎక్కువ తెలివైనవాళ్ళో తర్వాత తేల్చుకుందాం. అసలు వీడియోలు ఉన్నాయా, అవీ పోయాయా?"

"అవి పదిలంగా ఉన్నాయి. పోయింది కూర్పే."

"అయితే మళ్ళీ కూరుస్తా. కాగితాలున్నాయి. ఎవరి ముక్క ఏ నిమిషం, ఏ సెకను దగ్గర మొదలైందో అన్నీ రాసుకున్నాను."

వాడు కాగితాలు అందుకుని చూసి, అటు తిప్పి, ఇటు తిప్పి, "ఇదేంటత్తా, కోడి కెలికినట్టుంది" అన్నాడు. అది షార్ట్‌హ్యాండు. సాయం చెయ్యడానికి కూడా వీల్లేదని తేలిపోయింది. అప్పుడు సమయం మూడున్నర. సినిమా రేపు నాలుగింటికి. అందులో అంతా కలిపి ఒక ఫైలుగా తయారు చెయ్యడానికే కంప్యూటరుకు గంట కావాలి.

"సోమవారం వచ్చేవాణ్ణి ఇవాళే రమ్మంటావా?" అని అడిగింది. 

మేనల్లుడు అత్త మొహం చూశాడు. చిన్నప్పుడు తను లెక్కల్లో తప్పినప్పుడు నాన్న దగ్గరికి తనతో వచ్చి నిలబడింది ఈవిడే. "వాడొచ్చి నీ కోడిగీతలు చదువుతాడా ఏంటి?" అన్నాడు. "కానీ ఒక్కసారి నువ్వు చేసిన ఘనకార్యం ఆడించి చూద్దాం. మళ్ళీ దొరకదు."

చూశారు. మొదట పళ్ళు కొరుకుతూ చూశారు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. పెద్ద డాక్టరుగారు గంభీరంగా "ఈ ఆసుపత్రికి ఆవిడ" అనేసరికి టపీమని గేటు ఆయన వచ్చి "టీ పంపలేదు" అన్నాడు. ఒక అమ్మాయి "ఆ రోజు నా ప్రాణం" అని కళ్ళు తుడుచుకుంటే, ఎముకల డాక్టరు "నాలుగు చోట్ల విరిగింది" అన్నాడు. మేనల్లుడికి కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

అప్పుడొచ్చాడు స్ట్రెచర్ తాత. రోగుల్ని స్ట్రెచర్ మీద తోసుకొచ్చే ముసలాయన. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పనే చేశాడట. ఆయన పక్కింటి పంతులుగారి చేత నాలుగు నిమిషాల ఉపన్యాసం రాయించుకుని బట్టీ పట్టి వచ్చాడు. అందులో త్యాగనిరతి ఉంది, సేవాతత్పరత ఉంది, ఆయన మాత్రం లేడు. వార్డు అన్న మాట కొడుతుంటే పడ్డ డబ్ల్యూ ఒకటి ఆ ఉపన్యాసాన్ని మొత్తంగా లేపేసింది. మిగిలింది తొమ్మిది సెకన్లు. ఆయన వచ్చి నిలబడతాడు. కాలరు సర్దుకుంటాడు. కెమెరా వంక చూస్తాడు, ఏదో గుర్తు తెచ్చుకోబోయి గుటక వేస్తాడు. తర్వాత ఉన్నట్టుండి, గట్టిగా, నడవా అంతా వినపడేలా "సిస్టరమ్మా!" అంటాడు. అంతే. అక్కడ తెగిపోయింది.

ఇద్దరూ నవ్వడం ఆపేశారు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు వాడు. ఆవిడ అప్పటికే జె నొక్కి వెనక్కి తెచ్చింది.

ఆ సాయంత్రం ఏడు దాకా, మర్నాడు పొద్దున్న ఆరింటి నుంచీ పని చేసింది. గడియారాల ఆయన ఫ్లాస్కుతో టీ తెచ్చి, కొంతసేపు వెనక కూర్చుని ఆవిడ వేళ్ళు చూసి, "ఇంత సవ్యంగా నడిచే గడియారం నా దగ్గర ఒక్కటీ లేదు" అని వెళ్ళిపోయాడు. ఎల్ రెండుసార్లు, కె, ఐ, ఎల్, కె, ఓ. ఎం. ఎం. మొదటిసారి మూడు రోజులు పట్టిన పని. ఎక్కడేముందో ఇప్పుడు చేతులకు తెలుసు. పైగా ప్రతి అయిదు నిమిషాలకూ కొత్త పేరుతో ఒక కాపీ తీసిపెట్టింది. తొమ్మిదింటికి ఇరవై రెండు మంది అయ్యారు. ఇరవై మూడో మనిషి స్ట్రెచర్ తాత.

కాగితం మీద ఆయన ఉపన్యాసంలో ఏ నిమిషం వాడాలో స్పష్టంగా ఉంది. ఆవిడ తొమ్మిదో సెకను దగ్గర సూది ఆపి డబ్ల్యూ నొక్కింది. ఈసారి చూసుకునే నొక్కింది.

"అత్తా, వద్దు" అన్నాడు వెనక నుంచి మేనల్లుడు. "బాగుంది, నాకూ తెలుసు. కానీ మనిషికి నిమిషం అన్నారు. ఆ మందుల కౌంటరావిడ గడియారం పట్టుకుని కూర్చుంటుంది. తాత కూడా వస్తున్నాడు, కష్టపడి బట్టీ పట్టాడు పాపం. నలుగురిలో చిన్నబుచ్చామంటే మనకు మళ్ళీ పని ఇస్తారా?"

"ఆ నాలుగు నిమిషాల్లో మాట్లాడింది పంతులుగారు. తాత మాట్లాడింది ఈ ఒక్క మాటే."

"అది నాకూ నీకూ తెలిస్తే సరిపోదు. నీ కుర్చీ కోసం చెప్తున్నా."

ఆవిడకు నిజంగానే భయం వేసింది. వాడు చెప్పింది తప్పు కాదు. కంట్రోల్, జెడ్ ఒక్కసారి నొక్కితే చాలు, ఉపన్యాసం తిరిగొస్తుంది, అందరూ సంతోషిస్తారు, సోమవారం తను ఇక్కడే కూర్చుంటుంది. చిటికెన వేలు కంట్రోల్ మీదికి వెళ్ళింది కూడా. కాసేపు అలాగే ఉంది. తర్వాత తీసేసి, ఇరవై నాలుగో మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది. మేనల్లుడు నిట్టూర్చి టీ పెట్టడానికి పోయాడు.

మూడు దాటాక ఫైలు తయారైంది. నాలుగుకు పది నిమిషాలుందనగా ఆసుపత్రి మేడ మీది హాల్లో ప్రొజెక్టరుకు లాప్‌టాప్ తగిలించారు. ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయి, గోడల పొడుగునా జనం నిలబడ్డారు. ముందు వరస మధ్యలో పెద్ద సిస్టర్. సన్నగా, పొట్టిగా, ఇప్పుడే ఎవరో పిలుస్తారన్నట్టు కుర్చీ అంచున కూర్చుంది. ఆవిడ పక్కనే మందుల కౌంటరావిడ, ఒళ్ళో జాబితా, చేతిలో పెన్ను. ఒక్కొక్కరు తెర మీదికొచ్చి వెళ్తుంటే ఒక్కో టిక్కు పెడుతోంది. చివరి వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న స్ట్రెచర్ తాత.

సినిమా బాగానే సాగుతోంది. నవ్వవలసిన చోట నవ్వుతున్నారు. తలెత్తు టీచర్ మాత్రం ఒక్కటీ చూడలేదు. లాప్‌టాప్ పక్కన నిలబడి ఇరవై మూడో మనిషి కోసం ఎదురు చూస్తోంది.  మేనల్లుడు గోడకు ఆనుకుని పైకప్పు చూస్తున్నాడు.

తాత తెర మీదికి వచ్చాడు. కాలరు సర్దుకున్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గుటక వేశాడు. మందుల కౌంటరావిడ పెన్ను పైకెత్తి పట్టుకుంది.

"సిస్టరమ్మా!"

"వస్తున్నా!" అంది పెద్ద సిస్టర్. ఆలోచించలేదు. కుర్చీ వెనక్కి నెట్టి అప్పటికే లేచి నిలబడింది, పమిట నడుముకు చుట్టేసింది, రెండడుగులు వేసింది కూడా. "ఎవర్ని తెచ్చావ్?"

 ఆవిడ తెర దాకా పోయి ఆగింది. తను ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎక్కడున్నా ఏ పనిలో ఉన్నా ఆ పిలుపుకు లేచి పరిగెత్తిన మనిషి, ఇప్పుడు అందరి మధ్యా చేతులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడిపోయింది.

వెనక వరసలో స్ట్రెచర్ తాత లేచాడు. బట్టీ పట్టిన ఉపన్యాసం ఆయనకే గుర్తుకు రాలేదు.

"ఎవర్నీ తేలేదు సిస్టరమ్మా" అన్నాడు. "ఇవాళ ఊరికే పిలిచాను."

తెర మీద ఇరవై నాలుగో మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, వినేవాళ్ళు లేరు. అందరూ లేచి నిలబడ్డారు, నవ్వుతున్నవాళ్ళకీ ఏడుస్తున్నవాళ్ళకీ తేడా తెలియడం లేదు. పెద్ద సిస్టర్ కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ తాత దగ్గరికి వెళ్తోంది. మందుల కౌంటరావిడ జాబితాతో మొహం కప్పుకుంది. తలెత్తు టీచర్ చెయ్యి చాపి కె నొక్కి సినిమా ఆపింది.

మేనల్లుడు పక్కకు వచ్చి నిలబడ్డాడు. ముక్కు ఎగబీల్చాడు.

"అత్తా, సోమవారం వస్తానన్నతనికి ఫోను చేసి వద్దని చెప్పేస్తా."

"చెబుదువుగానిలే. ముందా ముక్కు తుడుచుకో."

ఇరవై నాలుగో మనిషిని మళ్ళీ మొదటికి తెచ్చి పెట్టి, పెద్ద సిస్టరూ తాతా మాట్లాడుకోవడం అయ్యేదాకా ఆవిడ ఆగింది.